హైదరాబాదులో ఉండి సాహెల్ మానవ భూగోళాన్ని అధ్యయనం చేయడం ఎలా

ఒక దూరప్రాంతపు మానవ భూగోళాన్ని చదవడమంటే దేశాల పేర్లు, రాజధానులు, జనాభా, ముఖ్య పంటలు, ఖనిజాలు వరసగా పట్టికలో నింపుకోవడమేనన్న అభిప్రాయం మన విద్యార్థుల్లో బలంగా ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి గ్రంథాలయాల్లో పోటీపరీక్షలకు చదివేవారి నోటుపుస్తకాలు తెరిస్తే ఆఫ్రికా ఖండం మొత్తం రెండు పేజీల్లో ముగిసిపోవడం కనిపిస్తుంది. ఆ పట్టిక పరీక్షకు కొంత పనికివస్తుంది. అయితే వాన తప్పిన ఏడాది అక్కడ ఎవరు ఊరు విడిచి వెళ్తారు, ఎవరు వెళ్లడానికి కూడా స్తోమత లేక ఉండిపోతారు, ధాన్యం ధర పెరిగినప్పుడు మేకల ధర ఎందుకు పడిపోతుంది, రైలుదారి ఒక ఊరికి వచ్చి పక్క ఊరికి ఎందుకు రాలేదు అన్న ప్రశ్నలకు అందులో జవాబు దొరకదు. మానవ భూగోళశాస్త్రం పనిచేసేది ఈ ప్రశ్నల మీదే. నేల, నీరు, పంట, పశువు, దారి, ప్రభుత్వం, మనిషి ఒకదానినొకటి ఎలా పట్టుకుని ఉన్నాయో వెతికి చూపించడమే దాని పని.

ఈ వ్యాసంలో పశ్చిమాఫ్రికాలోని సాహెల్ మండలాన్ని ఉదాహరణగా తీసుకుని, హైదరాబాదులో ఉన్న విద్యార్థి అటువంటి అధ్యయనాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ క్రమంలో సాగించాలో వివరిస్తాను. ఇదే పద్ధతిని ఆగ్నేయాసియాకు గాని, ఆండీస్ పర్వత దేశాలకు గాని అన్వయించుకోవచ్చు. సాహెల్‌ను ఎంచుకోవడానికి మాత్రం ఈ నగరానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద పనిచేస్తూ మాలి, నైజర్ దేశాల్లో కూడా పరిశోధన కేంద్రాలను నడుపుతోంది. పాలమూరు రైతు తరతరాలుగా ఎరిగిన జొన్న, సజ్జలే అక్కడి రైతుకు ప్రాణాధారం. వాన మీద బతుకు ఆధారపడటం అంటే ఏమిటో తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థికి ఆ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడంలో గొప్ప సాధనం ముందే చేతిలో ఉంటుంది.

హద్దు గీయడం

మొదటి పని ప్రాంతపు హద్దును నిర్ణయించడం, ఆ నిర్ణయానికి కారణం ఒక పేరాలో రాసుకోవడం. 'ఆఫ్రికా' అనే హద్దు అధ్యయనానికి పనికిరాదు, ఎందుకంటే యాభైకి పైగా దేశాలను ఒకే వాక్యంలో ఇమిడ్చిన ప్రతి మాటా ఎక్కడో ఒకచోట తప్పవుతుంది. మన నగరంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. మాసాబ్ ట్యాంకు దగ్గరి ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం వల్ల వచ్చింది. అక్కడి సిద్దీల పూర్వికులు ప్రధానంగా తూర్పు ఆఫ్రికా వైపు నుంచి హిందూ మహాసముద్రం దాటి వచ్చినవారు గనుక, వారి చరిత్రకూ అట్లాంటిక్ వైపు ఉన్న సెనెగల్ చరిత్రకూ నేరుగా ముడిపెట్టడం కుదరదు.

సాహెల్‌కు రాజకీయమైన హద్దు లేదు. సహారా ఎడారికి దక్షిణంగా, ఏడాదికి సుమారు 200 నుంచి 600 మిల్లీమీటర్ల వాన పడే పొడవైన పట్టీ అది. సెనెగల్, మారిటేనియాల నుంచి మాలి, బుర్కినా ఫాసో, నైజర్, ఉత్తర నైజీరియా మీదుగా చాడ్‌కు, ఆ పైన సుడాన్ వైపుకు సాగుతుంది. వర్షపాతాన్ని బట్టి గీసిన హద్దు ఏటేటా కొంత కదులుతుంది. ఆ కదలికే మీ అధ్యయనానికి మొదటి పాఠం అవుతుంది. విద్యార్థి ఇంత పెద్ద పట్టీని మొత్తంగా తలకెత్తుకోకుండా అందులో ఒక చిన్న భాగాన్ని, ఉదాహరణకు దక్షిణ నైజర్‌లోని మరాది, జిండర్ ప్రాంతాలను గాని, బుర్కినా ఫాసో ఉత్తరాన ఉన్న యాటెంగాను గాని ఎంచుకుని లోతుగా చదివితే, మిగతా పట్టీ దానితో పోల్చుకోవడానికి పనికివస్తుంది.

హద్దుతోపాటు ఒక ప్రశ్న కూడా ఉండాలి. 'సాహెల్ ప్రజల జీవనం' అన్నది శీర్షిక అవుతుందే గాని ప్రశ్న కాదు. 'దక్షిణ నైజర్‌లో జనసాంద్రత పెరుగుతున్నా పొలాల్లో చెట్లు ఎందుకు పెరిగాయి' అన్నది ప్రశ్న. దాని జవాబు మీకు ముందే తెలిసి ఉండదు కాబట్టి వెతకవలసి వస్తుంది.

చేత్తో గీసిన పటం

రెండవ పని తెల్లకాగితం మీద స్వయంగా పటం గీయడం. ఫోనులో పటం చూడటం దీనికి సాటిరాదు, ఎందుకంటే గీసే చేయి ప్రతి వంక దగ్గరా ఆగి ఆలోచించవలసి వస్తుంది. ముందుగా అక్షాంశాలు వేయండి. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే మాలిలోని టింబక్టూ 16.8 డిగ్రీల మీద ఉంది, అంటే రెండూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. అయినా మనకు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుండగా అక్కడ దానిలో నాలుగో వంతు కూడా పడటం కష్టం. మన నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం, బంగాళాఖాతం రెండింటి తేమనూ దేశం లోపలికి దూరంగా తీసుకువస్తుంది. పశ్చిమాఫ్రికా రుతుపవనం గినియా సింధుశాఖ నుంచి బయలుదేరి ఉత్తరానికి పోయేకొద్దీ ఎండిపోతుంది. నవంబరు నుంచి మార్చి వరకు ఈశాన్యం నుంచి హర్మటన్ అనే పొడిగాలి దుమ్ముతో వీస్తుంది. ఈ ఒక్క పోలికను సరిగా రాసుకుంటే వాతావరణం గురించిన సగం పని పూర్తయినట్లే.

తరవాత నైజర్ నదిని గీయండి. సుమారు 4,180 కిలోమీటర్ల ఈ నది గినియా కొండల్లో, అట్లాంటిక్ సముద్రానికి సుమారు 240 కిలోమీటర్ల దూరంలోనే పుట్టి, సముద్రానికి వీపు తిప్పి ఈశాన్యంగా ఎడారి అంచుదాకా పోయి, టింబక్టూ దాటిన తరవాత ఆగ్నేయానికి మళ్లి నైజీరియాలో సముద్రాన్ని చేరుతుంది. మాలి మధ్యలో అది పాయలుగా విడిపోయి విశాలమైన అంతర్భాగపు డెల్టాగా పరుచుకుంటుంది. వరద వచ్చినప్పుడు ఆ డెల్టాలో బోజో తెగవారు చేపలు పడతారు, రైతులు వరి వేస్తారు, నీరు తీసిన తరవాత అదే నేల మీద ఫులానీ అనే కాపరి తెగవారి పశువులు మేస్తాయి. ఒకే నేలకు ఏడాదిలో ముగ్గురు వినియోగదారులు ఉండటం, వారి మధ్య వంతుల క్రమం ఉండటం గమనించండి. ఆ క్రమం ఎక్కడ చెదిరిందో అక్కడే నేటి తగాదాలు మొదలయ్యాయి.

చివరగా రైలుదారులు గీయండి. సెనెగల్‌లోని డకార్ నుంచి నైజర్ నది వైపు, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నుంచి బుర్కినా ఫాసో రాజధాని వాగడూగు వైపు, నైజీరియాలోని లాగోస్ నుంచి కానో వైపు, ప్రతి దారీ రేవు నుంచి లోపలికి పోయి ఆగిపోతుంది. ఒక లోతట్టు నగరాన్ని మరొక లోతట్టు నగరంతో కలిపే దారి దాదాపు కనిపించదు. వేరుశనగ, పత్తి, కూలీలను తీరానికి చేర్చడానికి వలస ప్రభుత్వాలు వేసిన దారులు అవి. పటం మీద ఈ గీతలను స్వయంగా వేసిన విద్యార్థికి పొరుగుదేశాల మధ్య వ్యాపారం ఎందుకు బలహీనంగా ఉందో మరొకరు వివరించనవసరం లేదు.

ఏడాదిని రాసుకోవడం

నా దృష్టిలో ఈ అధ్యయనంలో అన్నిటికంటే ఫలవంతమైన భాగం ఇది, అయినా పాఠ్యపుస్తకాలు దీనినే ఎక్కువగా వదిలేస్తాయి. పన్నెండు గళ్లు గీసి, అడ్డవరసల్లో వాన, పంట, పశువులు, ధాన్యం ధర, వలస, జబ్బులు అని రాసి, మీరు ఎంచుకున్న చిన్న ప్రాంతానికి ఆ గళ్లు నింపండి. మన రైతు కార్తెల ప్రకారం పనులు లెక్కించుకున్నట్లే, అక్కడి ఏడాది కూడా వాన రాక చుట్టూ తిరుగుతుంది.

జూన్ ప్రాంతంలో తొలి వానలకు సజ్జ, జొన్న విత్తుతారు, వాటి మధ్య బొబ్బర్లు వేస్తారు. కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉంటుంది. పోయినేటి ధాన్యం అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని జూన్, జూలై, ఆగస్టు నెలలు అక్కడి కరవు నెలలు. సరిగ్గా ఆ నెలల్లోనే పొలంలో పని అత్యంత కష్టంగా ఉంటుంది, ధాన్యం ధర ఎక్కువగా ఉంటుంది, వానలతో దోమలు పెరిగి మలేరియా వ్యాపిస్తుంది. తిండి తక్కువగా, పని ఎక్కువగా, జబ్బు ముమ్మరంగా ఒకే కాలంలో వచ్చి పడటం వల్ల పిల్లల్లో పోషకాహార లోపం ఆ రోజుల్లో తీవ్రమవుతుంది. 'పేద ప్రాంతం' అనే వార్షిక సగటు అంకె ఈ విషయాన్ని పూర్తిగా దాచేస్తుంది. నెలల వారీ పట్టిక బయటపెడుతుంది.

అదే పట్టికలో పశువుల వరస చూడండి. వానాకాలంలో ఫులానీ కాపరులు పంటపొలాలకు దూరంగా ఉత్తరాన కొత్తగా మొలిచిన గడ్డి కోసం వెళ్తారు. వానలు వెనుదిరిగాక దక్షిణానికి వచ్చి, కోసిన పొలాల్లోని దంట్లను మేపుతారు. పొలానికి ఎరువు దక్కుతుంది కాబట్టి రైతు వారిని ఆహ్వానిస్తాడు. మన గొల్లకురుమలు వేసవిలో గొర్రెలను తోలుకుని దూరప్రాంతాలకు వెళ్లడం, రైతులు ధాన్యమో డబ్బో ఇచ్చి పొలంలో మంద పెట్టించుకోవడం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అయితే పోలిక దగ్గరే ఆగిపోకూడదు. తేడా ఎక్కడుందో కూడా రాయాలి. ఇక్కడి మంద చాలావరకు రాష్ట్రాల సరిహద్దు లోపలో, పక్కనో తిరుగుతుంది. అక్కడి మంద దేశాల సరిహద్దులు దాటుతుంది. అందుకే 1975లో ఏర్పడిన పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక సమాజం ఎకోవాస్ 1998లో పశువుల సరిహద్దు సంచారానికి ప్రత్యేక నిబంధనలు చేయవలసి వచ్చింది. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలో ఎకోవాస్ నుంచి అధికారికంగా వైదొలగాయి కాబట్టి, ఆ సంచారం ఇకముందు ఏ ఒప్పందాల నీడన సాగుతుందన్నది శ్రద్ధగా గమనించవలసిన అంశం.

ధరల వరసకు వచ్చేసరికి ఒక ప్రత్యేక కొలతను నేర్చుకోండి. ఒక మేకను అమ్మితే ఎన్ని కిలోల సజ్జ వస్తుంది అన్నదే ఆ కొలత. మామూలు ఏడాది అది కాపరికి అనుకూలంగా ఉంటుంది. వాన తప్పితే గడ్డి లేక పశువులు చిక్కిపోతాయి, కాపరులందరూ ఒకేసారి సంతకు తోలుకువస్తారు, మేకల ధర పడిపోతుంది. అదే సమయంలో పంట పోయి ధాన్యం ధర పెరుగుతుంది. సంతలో ధాన్యం ఉన్నా కొనే శక్తి కాపరికి ఉండదు. 1960ల చివర మొదలై 1973 నాటికి తీవ్రమైన కరవులో, మళ్లీ 1983-84 కరవులో మందలు పోగొట్టుకున్న కాపరుల బాధను అర్థం చేసుకోవడానికి ఈ మారకపు లెక్క ముఖ్యం. ఆకలి సంవత్సరాలను వర్షపాతం అంకెలతో మాత్రమే వివరించే వ్యాసాన్ని చూసినప్పుడు, అందులో సంత ఎక్కడుందని అడగడం అలవాటు చేసుకోండి.

అంకెల వెనుక ఉన్నది తెలుసుకోవడం

జనాభా అంకెలు తీసుకునేటప్పుడు ప్రతి అంకె పక్కన సంవత్సరం, అది జనగణనా, నమూనా సర్వేనా, అంచనానా అన్నది రాయండి. నైజీరియాలో చివరి జనగణన 2006లో జరిగింది. మొత్తం సుమారు 14 కోట్లుగా తేలిన ఆ లెక్కలో కానో రాష్ట్రానికి 94 లక్షలు, లాగోస్ రాష్ట్రానికి 90 లక్షలు చూపగా, లాగోస్ రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోకుండా తమ జనాభా 1.75 కోట్లని స్వంత లెక్క ప్రకటించింది. నిధుల పంపకం, ప్రాతినిధ్యం జనాభా మీద ఆధారపడే దేశంలో జనగణన రాజకీయ ఘటన అవుతుంది. ఈ రోజు నైజీరియా జనాభా 20 కోట్లు దాటిందని చదివే ప్రతి చోటా అది అంచనాయేనని గుర్తుంచుకోవాలి. మన దేశంలో కూడా 2011 తరవాత జరగవలసిన 2021 జనగణన వాయిదా పడటంతో హైదరాబాదు గురించి చెప్పే కొత్త అంకెలన్నీ అంచనాలే అయ్యాయి. అందుకే ఈ జాగ్రత్తను పరాయి దేశాలకు మాత్రమే పరిమితం చేయడం న్యాయం కాదు.

దేశపు సగటు సాంద్రత తరచుగా మోసం చేస్తుంది. నైజర్ దేశపు విస్తీర్ణంలో సగానికి పైగా ఆక్రమించిన అగాదెజ్ ప్రాంతంలో 2012 జనగణన ప్రకారం ఐదు లక్షల కంటే తక్కువ మంది ఉన్నారు. దేశం మొత్తం జనాభా 1.71 కోట్లు. ఆ జనంలో అత్యధికులు దక్షిణాన సన్నని పట్టీలో, ప్రధానంగా మరాది, జిండర్, తాహువా, తిల్లాబెరి, దోసో ప్రాంతాల్లో ఉంటారు. 'చదరపు కిలోమీటరుకు ఇంతమంది' అన్న దేశపు సగటు నిర్జన ఎడారినీ ఇరుకైన పొలాలనూ కలిపి, రెండింటిలో ఏదీ కాని ఒక ఊహను మన ముందు పెడుతుంది.

జననాల రేటు విషయంలో తీర్పులు చెప్పే తొందర మరీ ఎక్కువ. 2012లో జరిగిన సర్వేలో నైజర్‌లో ఒక స్త్రీకి సగటున 7.6 మంది పిల్లలని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో అది 1.8. ఈ తేడాను 'అవగాహన లేకపోవడం' అని కొట్టిపారేయడం అధ్యయనం అనిపించుకోదు. పసిపిల్లల మరణాలు, అమ్మాయిల చదువు, పెళ్లి వయసు, పొలంలో చేతుల అవసరం, వృద్ధాప్యంలో ఆసరా, ఆస్పత్రి దూరం అనే వరసలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మన ఇళ్లలో ముత్తాతల కాలం నాటి సంతానం లెక్క తీస్తే తెలంగాణ కూడా ఎంత వేగంగా మారిందో తెలుస్తుంది. ఆ మార్పుకు ఇక్కడ ఏవేవి తోడ్పడ్డాయో రాసుకుని, అక్కడ వాటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో వెతకండి.

సమాచారం ఎక్కడ దొరుకుతుందన్నది క్లుప్తంగా చెప్తాను. ఐక్యరాజ్యసమితి జనాభా అంచనాలు, ప్రపంచ బ్యాంకు గణాంకాలు, ఆహార వ్యవసాయ సంస్థ పంటల లెక్కలు ఉచితంగా లభిస్తాయి. కరవు ముందస్తు హెచ్చరికల కోసం 1985లో మొదలైన ఫ్యూస్ నెట్ వ్యవస్థ తయారుచేసిన జీవనోపాధి మండలాల పటాలు మీ హద్దును సరిచూసుకోవడానికి ఎంతో ఉపయోగపడతాయి. సెనెగల్, నైజర్, బుర్కినా ఫాసో ప్రభుత్వ గణాంక సంస్థల నివేదికలు ఫ్రెంచి భాషలో ఉంటాయి. వాటిని వదిలేస్తే ఆ ప్రాంతం గురించి ఆ ప్రాంతమే చెప్పుకున్న మాటను వదిలేసినట్లవుతుంది కాబట్టి, అనువాద సాధనాలతోనైనా పట్టికలు చదవడం నేర్చుకోండి. తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఫ్రెంచి, అరబిక్ రెండూ బోధిస్తారు. దీర్ఘకాలం ఈ అధ్యయనం చేయదలచినవారికి అది గొప్ప అవకాశం.

ఇంతకంటే ముఖ్యమైనది గ్రామస్థాయి సమాచారం. ఇక్రిశాట్ 1975లో భారతదేశపు మెట్టప్రాంతంలో ఆరు గ్రామాల కుటుంబాల ఆదాయం, పని, అప్పు, పంట వివరాలను దీర్ఘకాలం నమోదు చేసే అధ్యయనం ప్రారంభించింది. వాటిలో ఔరేపల్లి, దోకూరు అనే రెండు గ్రామాలు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 1980లలో బుర్కినా ఫాసో, నైజర్ గ్రామాల్లో కూడా ఇటువంటి అధ్యయనాలు జరిగాయి. ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఏ ప్రశ్నలు అడిగారో ముందుగా మన గ్రామాల నివేదికల్లో చూసి, తరవాత సాహెల్ గ్రామాలను చదివితే కుటుంబం అనే మాటలోనే తేడా కనిపిస్తుంది. సాహెల్‌లోని చాలా కుటుంబాల్లో ఇంటిపెద్ద చూసే ఉమ్మడి పొలంతోపాటు భార్యలకు, చిన్న కొడుకులకు విడివిడి పొలాలు ఉంటాయి. ఉమ్మడి గాదెలో ధాన్యం మీద అధికారం ఒకరిది, తన చెక్కలో పండిన వేరుశనగ మీద అధికారం మరొకరిది. 'కుటుంబ ఆదాయం' అనే ఒక్క అంకె ఈ లోపలి సరిహద్దులను చూపలేదు.

గీతలు ఎవరు గీశారు

సాహెల్ సరిహద్దుల చరిత్రను, ఐరోపా దేశాలు ఆఫ్రికా పంపకానికి నియమాలు చేసుకున్న 1884-85 బెర్లిన్ సమావేశంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నా సలహా మాత్రం అంతకంటే చిన్న సంఘటనతో మొదలుపెట్టమని. ఫ్రాన్సు 1919లో ఏర్పరిచిన అప్పర్ వోల్టా అనే వలస రాజ్యాన్ని 1932లో రద్దు చేసి, ఐవరీ కోస్ట్, ఫ్రెంచి సుడాన్ (నేటి మాలి), నైజర్‌ల మధ్య పంచింది. జనసాంద్రత ఎక్కువగా గల మోసీ తెగవారి ప్రాంతంలో ఎక్కువ భాగం ఐవరీ కోస్ట్ చేతికి రావడంతో అక్కడి తోటలకు కూలీలను తరలించడం సులువైంది. 1947లో మళ్లీ ఆ రాజ్యాన్ని పునరుద్ధరించారు, 1960లో అది స్వతంత్రమైంది, 1984లో బుర్కినా ఫాసోగా పేరు మార్చుకుంది. అబిజాన్ రైలు 1934లో బోబో-డియులాసోకు, 1954లో వాగడూగుకు చేరింది. ఇప్పుడు మీరు గీసిన పటం మీద రైలుదారిని, ఈ తేదీలను పక్కపక్కన పెట్టండి. బుర్కినా ఫాసో యువకులు కోకో తోటలకు వెళ్లడం అనాదిగా ఉన్న స్వభావంలా కనిపించదు. ఒక పాలనా నిర్ణయం తవ్విన కాలువలోనే నేటి ప్రవాహం కూడా సాగుతోంది. ఘనా, ఐవరీ కోస్ట్ రెండు దేశాలే ప్రపంచ కోకోలో సగానికి పైగా పండిస్తున్నాయంటే ఆ శ్రమలో లోతట్టు మెట్టదేశాల వాటా ఎంతో ఊహించవచ్చు. 2002లో ఐవరీ కోస్ట్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు లక్షలాది బుర్కినా ప్రజలు తిరిగి రావలసి వచ్చింది. తరాలుగా సాగిన సేద్యం తరవాత కూడా ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న వారి ముందు నిలిచింది.

వలసను ఇక్కడి అనుభవంతో పోల్చేటప్పుడు రకాలు విడదీయండి. పంట కోసిన తరవాత వెళ్లి తొలకరికి తిరిగివచ్చే పాలమూరు కూలీల వలస ఒకటి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు అప్పు చేసి వెళ్లే వలస వేరొకటి. పిల్లల చదువు కోసం ఊరు వదిలి ఉప్పల్‌లోనో, కూకట్‌పల్లిలోనో స్థిరపడటం మూడవది. సాహెల్‌లోనూ ఈ మూడింటికీ సాటివి ఉన్నాయి. ఒక్కొక్క దానికి దూరం, ఖర్చు, అప్పు, తిరిగిరావడం, ఇంటికి పంపే డబ్బు, ఇంట్లో మిగిలిన స్త్రీ మీద పడే పని వేరువేరుగా ఉంటాయి. ఐరోపాకు పడవల మీద వెళ్లేవారి గురించే వార్తలు ఎక్కువగా వస్తాయి. పశ్చిమాఫ్రికా వలసలో అత్యధిక భాగం మాత్రం పశ్చిమాఫ్రికా దేశాల మధ్యనే జరుగుతుంది.

ఒక సరుకును వెంబడించడం

ప్రాంతాన్ని ప్రపంచంతో కలిపే దారాలను చూడటానికి ఒక సరుకును మొదటి నుంచి చివరి వరకు వెంబడించడం మంచి అభ్యాసం. తెలుగు విద్యార్థికి ఇందుకు బియ్యం కంటే తగినది లేదు. కాకినాడ రేవు నుంచి బియ్యం ఓడల్లో పశ్చిమాఫ్రికాకు పెద్ద ఎత్తున వెళ్తుంది. బెనిన్‌లోని కోటొనూ రేవుకు చేరిన ఉప్పుడు బియ్యంలో చాలా భాగం అక్కడి వంటిళ్లకు పోకుండా సరిహద్దు దాటి నైజీరియాకు చేరుతుంది, ఎందుకంటే నైజీరియా స్వదేశీ రైతుల రక్షణ కోసం దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. 2019 ఆగస్టులో నైజీరియా తన భూసరిహద్దులు మూసివేయడానికి ఈ దొంగ రవాణా ఒక ముఖ్య కారణం. వాటిని 2020 డిసెంబరులో గాని తిరిగి తెరవలేదు. సెనెగల్‌లో నూకలంటే ఎక్కువ ఇష్టం. ఫ్రెంచి పాలనలో రైతులను వేరుశనగ వైపు మళ్లించి, ఇండోచైనా నుంచి చవక నూకలు తెప్పించిన చరిత్ర ఆ రుచి వెనుక ఉంది. భారత ప్రభుత్వం 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జూలైలో బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు మన పత్రికలు ఇక్కడి ధరల గురించి రాశాయి. అదే నిర్ణయం డకార్ సంతలో ఏమైందో వెతకడం మానవ భూగోళ విద్యార్థి పని. గోదావరి డెల్టాలోని మిల్లు, కాకినాడ హమాలీ, కోటొనూ దళారి, సరిహద్దులో మోటారుసైకిలు మీద బస్తాలు దాటించే యువకుడు, లాగోస్‌లోని గృహిణి వరకు ఈ గొలుసులో ఎవరికి ఎంత మిగులుతుందో రాయగలిగితే, అభివృద్ధి చెందుతున్న ప్రాంతాలు ఒకదానితో ఒకటి ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయో స్పష్టమవుతుంది.

నగరాలను, పచ్చదనాన్ని ఆకాశం నుంచి చూడటం

1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు, 2015 నుంచి సెంటినెల్-2 తీసిన మరింత స్పష్టమైన చిత్రాలు నేడు ఉచితంగా లభిస్తున్నాయి. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం నిర్వహించే భువన్ అనే ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైటులో ముందుగా హైదరాబాదును చూసి కన్ను అలవాటు చేసుకోండి. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ, చెరువుల గొలుసు మీద నగరం ఎలా పరుచుకుందో గుర్తించగలిగినవారికి మరొక నగరపు పెరుగుదలను చదవడం సులువవుతుంది. తరవాత మారిటేనియా రాజధాని నువాక్‌షాట్‌ను చూడండి. 1950ల చివర దాదాపు ఖాళీ నేల మీద చిన్న రాజధానిగా మొదలైన ఆ ఊరు, కరవుల్లో మందలు పోగొట్టుకున్న కాపరులు వచ్చి చేరడంతో పెరిగి నేడు పది లక్షలు దాటింది. పరిశ్రమలు పిలవగా పెరిగిన నగరానికీ, పల్లె నిలవలేక పెరిగిన నగరానికీ వీధుల్లో, నీటి సరఫరాలో, ఇళ్ల పట్టాల్లో తేడా ఉంటుంది. చిత్రంలో ఆ తేడాను వెతకండి.

ఇక ముందు ప్రస్తావించిన చెట్ల ప్రశ్న. సహారా ఏటా దక్షిణానికి నడుస్తోందనీ, పశువులను అతిగా మేపడం వల్లనే వానలు తగ్గాయనీ 1970లలో విస్తారంగా నమ్మారు. ఆ దీర్ఘ అనావృష్టికి మూలం ప్రధానంగా సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల మార్పుల్లో ఉందని తరవాతి పరిశోధన చూపింది. వానలు కొంత కోలుకున్న తరవాత పచ్చదనం కూడా చాలాచోట్ల తిరిగివచ్చింది. దక్షిణ నైజర్‌లో మాత్రం వాన ఒక్కటే కారణం కాదు. పొలంలోని మొద్దుల నుంచి వచ్చే చిగుళ్లను నరకకుండా ఎంచి పెంచడం ద్వారా రైతులు సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి నిలబెట్టారు. వలస పాలన నుంచి వచ్చిన అటవీ చట్టాల ప్రకారం పొలంలోని చెట్టు కూడా ప్రభుత్వానిదేనన్న భయం ఉన్నంతకాలం రైతుకు దానిని కాపాడే ఆసక్తి లేదు. ఆ పట్టు సడలిన తరవాతే చెట్టు రైతుదైంది. వారు ఇష్టపడే గావో చెట్టు వానాకాలంలో ఆకు రాల్చి పైరుకు నీడ పడనివ్వదు, ఎండాకాలంలో పశువులకు కాయలు ఇస్తుంది, నేలకు నత్రజని చేరుస్తుంది. బుర్కినా ఫాసోలోని యాటెంగాలో యాకూబా సవాడోగో అనే రైతు గట్టిపడిన బీడులో గుంటలు తవ్వి ఎరువు వేసి వాన నీటిని నిలిపే పాత పద్ధతిని మెరుగుపరిచి అడవిని పెంచారు. ఆయనకు 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. ఆ ప్రజలను సాయం అందుకునేవారిగా మాత్రమే చూపే రచనలు చాలా ఉన్నాయి గనుక, ఈ సంగతులను మీ అధ్యయనంలో తప్పక చేర్చాలని గట్టిగా కోరుతున్నాను.

మనుషులతో మాట్లాడటం

మాలి, బుర్కినా ఫాసో, నైజర్‌లలో 2012 తరవాత వ్యాపించిన సాయుధ ఘర్షణల వల్ల చాలా ప్రాంతాలకు ప్రయాణం సురక్షితం కాదు. బుర్కినా ఫాసోలోనే నిరాశ్రయుల సంఖ్య 2023 నాటికి 20 లక్షలు దాటిందని ప్రభుత్వ లెక్క. ఘర్షణ ఉన్నచోట సర్వేలు కూడా సరిగా జరగవు కాబట్టి ఇటీవలి అంకెలను మరింత జాగ్రత్తగా వాడాలి. అయితే హైదరాబాదులో చదువుకోవడానికి, వైద్యానికి ఆఫ్రికా దేశాల నుంచి వచ్చేవారు ఉన్నారు. ఉస్మానియా, ఇఫ్లూ ప్రాంగణాల్లో నైజీరియా వంటి దేశాల విద్యార్థులతో పరిచయం కలగవచ్చు.

వారితో మాట్లాడేటప్పుడు మర్యాద మొదటి నియమం. పరిచయం లేకుండా నోటుపుస్తకం తెరవకండి. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పి, సమ్మతి తీసుకుని, పేరు, చిరునామా రాయకుండా వారి మాటను నమోదు చేయండి. 'మీ దేశంలో పేదరికం ఎందుకుంది' అని అడగడం అవమానం అవుతుంది, పైగా దానికి ఎవరూ ఉపయోగపడే జవాబు చెప్పలేరు. 'మీ తాతగారి ఊళ్లో ఏ నెలలో ఏ పని జరిగేది', 'మీ ఇంటి నుంచి ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్లారు', 'సంతకు ఏం తెచ్చేవారు, ఏం కొనేవారు' అని అడిగితే మీ పన్నెండు గళ్ల పట్టిక వారి మాటలతోనే సరిదిద్దుకుంటుంది. గోంగూర జాతిదే అయిన మొక్క పూల రక్షకపత్రాలతో సెనెగల్‌లో బిస్సాప్ అనే ఎర్రని పానీయం చేస్తారు. తిండి గురించిన ఇటువంటి మాటతో మొదలైన సంభాషణ సేద్యం, స్త్రీల వ్యాపారం, ధరల వైపు సహజంగా సాగుతుంది. ఒక నగరవాసి విద్యార్థి చెప్పింది కాపరి అభిప్రాయం కాదని మాత్రం రాతలో స్పష్టం చేయండి.

రాయడం

చివరి రచనలో మీరు చేత్తో గీసిన పటం, నెలల పట్టిక, సరుకు గొలుసు మూడూ ఉండాలి, ప్రతిదాని కిందా మీ వాక్యాల్లో వివరణ ఉండాలి. ప్రశ్నతో మొదలుపెట్టి, దానికి సంబంధం లేని దేశపరిచయం ఎంత ఆసక్తికరంగా ఉన్నా తీసేయండి. ప్రతి పోలిక దగ్గర సామ్యం ఒక వాక్యంలో చెప్తే భేదం రెండు వాక్యాల్లో చెప్పండి, ఎందుకంటే పాలమూరును సాహెల్‌లో చూసేసే తొందర మనకే ఎక్కువ ఉంటుంది. 'వారు', 'అక్కడి ప్రజలు' అని రాసిన ప్రతి చోటా ఆగి, ఫులానీ కాపరులా, హౌసా రైతులా, రైతుల భార్యలా, రాజధానిలోని ఉద్యోగులా అన్నది తేల్చి, ఆ మాట స్థానంలో వారి పేరు రాయండి. తేల్చలేకపోతే ఆ వాక్యానికి ఆధారం ఇంకా దొరకలేదన్నమాట. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికో, మీరు దించుకున్న గణాంకాల పట్టికలకో తిరిగి వెళ్లి, ఆధారం దొరికిన తరవాతే దానిని ఉంచండి.